నిద్రగన్నేరుకు కిరీటం

చెట్లను తెలుగులో పెంచాలని నిర్ణయించేదాకా వెంపలపేటలో చెట్లు బాగానే ఉండేవి.

అంతవరకూ వాటి మంచిచెడ్డలు చూసినవాడు పురపాలక సంఘం చెట్ల మేస్త్రీ సన్యాసిరావు. మనిషి మంచివాడే గాని తలబిరుసు జాస్తి. రంపం పట్టడంలో తనంతటివాడు చుట్టుపక్కల జిల్లాల్లో లేడని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో దాచుకునే అలవాటు కూడా అతనికి లేదు. ఎప్పుడో అటవీశాఖవాళ్ళు పెట్టిన శిక్షణకు వెళ్ళి, నడుముకు బెల్టు, తలకు టోపీ, నోటికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు సంపాదించుకొచ్చాడు. చెట్టు గుబురును క్రౌన్ అనేవాడు. నిటారుగా పైకి పోయే మానును లీడర్ అనేవాడు. కొమ్మ విరిగి పడితే దాని కింద ఏది నలుగుతుందో దాన్ని టార్గెట్ అనేవాడు. కింద నిలబడి మోకు పట్టుకునే జోగులుకు ఈ మాటలేవీ అర్థమయ్యేవి కావు గాని, పని మాత్రం సజావుగా సాగిపోయేది.

రోజూ పొద్దున్నే సన్యాసిరావు తల పైకెత్తుకుని వీధుల వెంట నడిచేవాడు. అందుకని సైకిళ్ళవాళ్ళ చేత తిట్లు తినేవాడు. చెట్టు మొదట్లో మట్టి గీరి వేరు కుళ్ళిందేమో చూసేవాడు. మాను మీద రంపం పిడితో కొట్టి, చెవి ఆనించి, లోపల డొల్లో గట్టో తేల్చేవాడు. ఎండు కొమ్మలు దింపేవాడు, ఒకదాన్నొకటి ఒరుసుకునే కొమ్మల్లో ఒకదాన్ని తప్పించేవాడు, బస్సు అద్దాలకు తగిలేవాటిని పద్ధతిగా వెనక్కి కత్తిరించేవాడు. కరెంటువాళ్ళు వచ్చి చెట్ల తలలు అడ్డంగా నరికి పోయిన రోజున మాత్రం ఇంట్లో అన్నం మానేసి, వాళ్ళ వంశాలను పేరుపేరునా తలుచుకునేవాడు.

ఆ ఏడు గాలివానకు పురపాలక సంఘం ఆఫీసు ఎదుటి నిద్రగన్నేరులో ఒక పెద్ద ఎండు కొమ్మ మొదలంటా చీలింది. ఆ కొమ్మ కింద ఒక ఇడ్లీ బండి ఉంది. ఆ బండి వెనక సన్యాసిరావు భార్య పైడమ్మ ఉంది.

"ఊరందరి సెట్లకీ తలలు దువ్వుతావు గానీ, నా నెత్తిమీద యేలాడతన్న దుంగ నీకు అవుపడదేటి?" అంది పైడమ్మ, చట్నీ గిన్నె కడుగుతూ.

"సూసినానే. పొద్దున్నే ఎక్కీస్తాను. అరగంట పని."

అది నిజంగా అరగంట పనే. మర్నాడు పొద్దున్న అతను సన్నతాడుకు బరువు కట్టి పై కొమ్మల పంగలోంచి విసిరి, దాని వెంట మోకు లాగి, బెల్టు బిగించుకుని మాను మీద కాలు పెట్టాడు. అప్పుడు ఆఫీసు మెట్ల మీంచి సూపరింటెండెంట్ దక్షిణామూర్తి, పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"దిగు! దిగు! సంహిత అమల్లోకి వచ్చింది!"

ఆ సంహిత కథ ఇది. కమిషనరుగారు ఏదో మహానగరంలో జరిగిన పచ్చదనం సదస్సుకు వెళ్ళి, పలహారాలు బాగుండడంతో చివరిదాకా కూర్చుని, చెట్ల పోషణ మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకొచ్చారు. తిరిగొచ్చేసరికి ఊళ్ళో తెలుగు భాషా పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ఆయన రెండు ఉత్సాహాలనూ కలిపేశారు. పుస్తకాన్ని అచ్చమైన తెలుగులోకి మార్చే భారం విద్వాన్ వరదాచార్యులుగారి మీద పెట్టారు. ఆచార్యులుగారు రిటైరైన తెలుగు పండితులు. ఆయనకు నిఘంటువులతో ఉన్నంత పరిచయం చెట్లతో లేదు. ఆ విధంగా తయారైన 'పుర వృక్ష సంహిత'ను కౌన్సిలు ఏకగ్రీవంగా ఆమోదించి, అందులో చెప్పినది తప్ప ఊళ్ళో చెట్ల మీద మరే పనీ జరగరాదని తీర్మానించింది. ఏకగ్రీవం ఎందుకంటే, ఎవరూ చదవలేదు.

దక్షిణామూర్తి రొప్పుతూ పుస్తకం తెరిచాడు. "మూడో అధ్యాయం. 'ప్రతి వృక్షమునకును మొట్టమొదట కిరీటమును శుభ్రపరచవలెను. తక్కిన పనులు తదుపరి చేపట్టవలెను.' కిరీటం శుభ్రం చేశావా?"

"ఏ కిరీటం బాబూ?"

"ఈ చెట్టు కిరీటం."

"సెట్టుకి కిరీటం ఎక్కడుంటాది బాబూ?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఎక్కడుంది?"

ఇద్దరూ తలలెత్తి చూశారు. జోగులు కూడా చూశాడు. కిరీటం కనిపించలేదు. దక్షిణామూర్తి మొహం గంభీరంగా మారిపోయింది.

సన్యాసిరావుకు కాసేపటికి గాని వెలగలేదు. వెలిగాక నవ్వొచ్చింది. అది క్రౌనని, క్రౌనంటే చెట్టు గుబురని, శుభ్రం చెయ్యడమంటే ఎండు కొమ్మలు తియ్యడమని, తను ఎక్కుతున్నది అందుకేనని చెప్పాడు. దక్షిణామూర్తి అతన్ని నేరుగా కమిషనరుగారి గదికి తీసుకుపోయాడు. అక్కడ వరదాచార్యులుగారు సన్మానపు శాలువాతోనే కూర్చుని ఉన్నారు.

"గుబురా!" అన్నారు ఆచార్యులుగారు, చెవులు మూసుకుంటూ. "గుబురు పామరుల మాట. క్రౌన్ అనగా కిరీటము. ఒకటో తరగతి బాలుణ్ణి అడుగు, చెబుతాడు."

"తవఁరు సెప్పింది రాజులకి బాబూ. నాను సెప్పింది సెట్టుకి."

కమిషనరుగారు చెయ్యెత్తారు. "మేస్త్రీ, కిరీటం అంటే ఏమిటన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. అది తీర్మానంలో ఉంది. తీర్మానంలో ఉన్నది చెట్టు మీద ఎందుకు లేదన్నది ప్రశ్న. లేకపోతే, ఇంతకాలం ఎవరు తీసుకుపోయారన్నది రెండో ప్రశ్న."

రెండో ప్రశ్న వినగానే సన్యాసిరావు నోరు మూసుకున్నాడు. ఉద్యోగంలో ఉన్న మనిషికి అంతమాత్రం తెలివి ఉంటుంది.

వెంటనే సర్వే చేయించారు. ఊళ్ళో ఒక్క చెట్టుకూ కిరీటం లేదని తేలింది. పై వాళ్ళ తనిఖీలో ఇది బయటపడితే పరువు పోతుందని, యుద్ధప్రాతిపదికన కిరీటాలు సమకూర్చాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. అంత తొందరగా కిరీటాలు దొరికే చోటు వెంపలపేటలో ఒక్కటే, నాటకాల సామాన్లు అద్దెకిచ్చే కొట్టు. సినిమాలొచ్చాక ఈగలు తోలుకుంటున్న కొట్టు యజమానికి ఒక్కసారిగా జాతకం తిరిగింది. నిద్రగన్నేరుకు దుర్యోధనుడి కిరీటం, వేపచెట్లకు ధర్మరాజువి, కానుగలకు నకుల సహదేవులవి ఇచ్చాడు. కొత్తగా నాటిన మొక్కలకు బాలకృష్ణుడి కిరీటాలు, నెమలిపింఛంతో సహా. తురాయిచెట్టుకు మాత్రం కిరీటాలు అయిపోయి కిష్కింధ నుంచి ఒకటి తెప్పించారు. ఆ చెట్టు చైర్మన్‌గారి ఇంటి ముందుది కావడంతో తర్వాత కొంత గొడవ జరిగింది.

కిరీటధారణకు సన్నాయి మేళం పెట్టారు. దుర్యోధనుడి కిరీటం చంకన పెట్టుకుని సన్యాసిరావు నిద్రగన్నేరు ఎక్కాడు. రంపం మాత్రం దక్షిణామూర్తి కిందే లాగేసుకున్నాడు. శుభకార్యంలో ఆయుధం పనికిరాదట. పైకి పోయేటప్పుడు చీలిన కొమ్మ అతని మొహానికి ఎదురుగా వచ్చింది. చీలిక పోయినసారి కంటే ఎక్కువ నోరు తెరిచింది. వేళ్ళు పెడితే లోపలికి దూరాయి. లోపలంతా పుచ్చిపోయి పిండి రాలుతోంది. కింద, సరిగ్గా ఆ కొమ్మ కింద, పైడమ్మ ఆవిరి పాత్ర మూత తీస్తోంది.

"బాబూ! ఈ కొమ్మ ఉండేలా లేదు! రంపం పంపండి!" అని పైనుంచి కేకేశాడు.

"ముందు కిరీటం!" అని కింద నుంచి దక్షిణామూర్తి కేకేశాడు. సన్నాయివాళ్ళు మంగళవాద్యం ఎత్తుకున్నారు.

కిరీటం పెట్టి, తువ్వాలుతో తుడిచి దిగాడు. అతను దిగేలోగా కాకి ఒకటి అందులో దిగింది.

"దాన్ని తుడిసినావు సరే, దుంగ మాటేటి?" అంది పైడమ్మ.

కిరీటం శుభ్రమైంది కాబట్టి ఇక కొమ్మ కొట్టుకోవచ్చని అతను అనుకున్నాడు. కాని ఈలోగా కౌన్సిలు సమావేశంలో ఆరో అధ్యాయం పైకి చదివారు. "సమాన బలము గల ఇద్దరు నాయకులున్న వృక్షము నిలువజాలదు. పోటీపడు నాయకులలో ఒకనిని లేత వయస్సుననే తొలగించవలెను."

ఇది విని చైర్మన్‌గారు బల్ల చరిచి హర్షించారు. వైస్ చైర్మన్‌గారు కుర్చీ ఎత్తారు. ఇద్దరికీ పడదన్న సంగతి ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు. ఒకే మానులోంచి రెండు చెట్లు పైకి పోయినట్టు నిద్రగన్నేరు రెండుగా చీలి ఉంటుంది. సాయంత్రానికల్లా ఆఫీసు వైపు మానుకు చైర్మన్‌గారి ఫ్లెక్సీ, రోడ్డు వైపు మానుకు వైస్ చైర్మన్‌గారి ఫ్లెక్సీ వేలాడాయి. చీలిన ఎండు కొమ్మ రోడ్డు వైపుది.

"మా నాయకుడి కొమ్మ మీద రంపం పెడితే రాస్తారోకో!" అన్నారు వైస్ చైర్మన్ అనుచరులు.

"కొమ్మేమిటి, ఆ మానే మొదలంటా లేపెయ్యాలి!" అన్నారు చైర్మన్ అనుచరులు.

సన్యాసిరావు సిగ్గు విడిచి వైస్ చైర్మన్‌గారి ఇంటికి వెళ్ళి చేతులు జోడించాడు. "బాబూ, ఆ కొమ్మ ఎండిపోనాది. అది దింపుతేనే తవఁరి మాను నిలబడతాది."

వైస్ చైర్మన్‌గారు అతన్ని ఎగాదిగా చూశారు. "ఎండిపోయిందని ఎవరు చెప్పమన్నారు నీతో? చైర్మనేనా?"

చివరికి కమిషనరుగారు, నాయకత్వ సమస్య తేలేవరకు సదరు వృక్షం విషయంలో యథాతథ స్థితి పాటించవలెనని ఉత్తర్వు ఇచ్చారు. ఫ్లెక్సీలు గాలికి ఊగేవి. వాటితోపాటు కొమ్మ ఊగేది. పైడమ్మ ఇడ్లీలు వేస్తూ మాటిమాటికీ పైకి చూడడం మొదలుపెట్టింది. అంత నోరున్న మనిషి అతన్ని తిట్టడం మానేసింది. సన్యాసిరావుకు అదే ఎక్కువ భయం వేసింది.

"బండి అవతలెట్టీయే" అన్నాడు ఒకనాడు.

"ఎక్కడెట్టను? ఈ జాగా పోతే ఇంకోడు అట్ల బండెట్టీడానికి కాసుక్కూకున్నాడు. పిల్లల సదువులేటవ్వాల?"

అలాంటి సమయంలో నెలవారీ సమీక్ష వచ్చింది. సన్యాసిరావును కూడా పిలిచారు. దక్షిణామూర్తి తొమ్మిదో అధ్యాయం తెరిచాడు. "'ప్రమాదకరమైన ప్రతి శాఖకును దాని లక్ష్యమును గుర్తించవలెను.' మేస్త్రీ, నిద్రగన్నేరు కొమ్మకు లక్ష్యం ఏమిటి?"

సన్యాసిరావు ప్రాణం లేచి వచ్చింది. లక్ష్యమంటే టార్గెట్. ఇన్నాళ్ళకు ఈ పుస్తకంలో పనికొచ్చే ముక్క ఒకటి వచ్చింది. కొమ్మ కింద మనిషి ఉందని తెలిస్తే వీళ్ళు ఇప్పుడే పరిగెత్తుతారు.

"నా పెళ్ళాం బాబూ! నా పెళ్ళాం, దాని ఇడ్లీ బండీ!" అని అరిచినంత పని చేశాడు.

కమిషనరుగారు తృప్తిగా తలూపారు. "ఒక వ్యక్తి, ఒక బండి. సాధించదగిన లక్ష్యమే. ఎంతవరకు సాధించాం?"

"ఇప్పటివరకు ఏమీ లేదు సార్" అన్నాడు దక్షిణామూర్తి, తల వంచుకుని.

"జాప్యానికి కారణం?"

"గాలి సహకరించలేదు సార్."

"నాకు సాకులు చెప్పకండి. మిగతా పురపాలక సంఘాలన్నీ లక్ష్యాలు పూర్తిచేసి కూర్చుంటే మనం గాలి మీద నెపం వేస్తామా? ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా నూటికి నూరుపాళ్ళు సాధించి తీరాలి."

సన్యాసిరావు బల్ల దగ్గరికి వచ్చి, "బాబూ, కొమ్మ జోలికెల్లొద్దు పోనీ. బండి పక్కకి జరుపుకోడానికి మరో జాగా ఇప్పించండి" అన్నాడు.

"లక్ష్యాన్ని మధ్యలో కదుపుతామా?" కమిషనరుగారికి నిజంగానే కోపం వచ్చింది. "రేపు పై వాళ్ళు అడిగితే ఏం చెప్పను? లక్ష్యం లేచి అవతలి వీధికి పోయిందని చెప్పనా?"

ఆ మధ్యాహ్నమే మనుషులు వచ్చి పైడమ్మ బండి చుట్టూ సున్నంతో గీత గీసి, గీత దాటరాదని హెచ్చరించి పోయారు. వాళ్ళు పోయేటప్పుడు తలా రెండు ఇడ్లీలు తిన్నారు.

"ఏటీ గీత?" అని అడిగింది పైడమ్మ.

సన్యాసిరావు చెప్పాడు. దాచకుండా అంతా చెప్పాడు. పైడమ్మ అంతా విని, గరిట కింద పెట్టి, గీత వంక చూసింది.

"అంటే నాను సస్తే ఆళ్ళ పని పూర్తయినట్టా?"

ఆమె గొంతులో కోపం లేదు, వణుకు ఉంది. పెళ్ళయిన నాటినుంచి ఆ గొంతు వణకగా సన్యాసిరావు వినలేదు. పడమటి వైపు మబ్బు నల్లగా లేస్తోంది. ఫ్లెక్సీలు పటపటమంటున్నాయి. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం మీద భయం, కమిషనరు మీద భక్తి, సంహిత మీద ఓర్పు అన్నీ కలిసి ఆ మంటలో పోయాయి. స్టోరు గదిలోకి వెళ్ళి రంపం, మోకులు భుజాన వేసుకుని వచ్చాడు.

"జోగులూ, మోకట్టుకో."

"ఉజ్జోగం పోద్దేమో మావా" అన్నాడు జోగులు, మోకు పట్టుకుంటూనే.

"పోనీరా. పైడీ, బండొగ్గీసి ఆఫీసరుగుమీద కూకో."

ఈసారి పైడమ్మ ఎదురు చెప్పకుండా గీత దాటింది.

పైకి ఎక్కాక సన్యాసిరావు చేతులు నిమ్మళించాయి. బెల్టు తాడు పచ్చిగా ఉన్న పంగకు బిగించి, కొమ్మకు రెండు చోట్ల మోకు కట్టాడు. రెండో కొసను జోగులు కింద మాను చుట్టూ రెండు చుట్లు తిప్పి పట్టుకున్నాడు. మొదట కొమ్మ అడుగు నుంచి కొంత కోశాడు. తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోశాడు. అలా కోస్తే బరువుకు విరిగేటప్పుడు మాను తోలు ఊడిరాదు. కొమ్మ ఒక్కసారి ఫెళ్ళుమని, మోకు మీదికి వాలి, గాలిలో అటూ ఇటూ ఊగింది. రోడ్డు మీద జనం కెవ్వుమన్నారు. జోగులు మోకును కొద్దికొద్దిగా వదులుతుంటే ఆ దుంగ బండి పక్క నుంచి దిగివచ్చి, చప్పుడు లేకుండా నేల మీద పడుకుంది. చట్నీ గిన్నె మూత కూడా కదలలేదు. సన్యాసిరావు మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బు దెబ్బతినకుండా నున్నగా కోసి, పనితనాన్ని కాసేపు తనే మెచ్చుకుని, దిగి వచ్చాడు. పైడమ్మ అతని చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీద ఏడ్చేసింది.

మర్నాడు విచారణ జరిగింది.

"కొమ్మ కిందికి వచ్చిన మాట వాస్తవమేనా?" అన్నారు కమిషనరుగారు.

"నిజమే బాబూ."

"లక్ష్యం కొమ్మ కిందనే ఉన్నదా?"

"బండి ఉంది బాబూ."

"అయినా లక్ష్యానికి తగలకుండా ఉద్దేశపూర్వకంగా పక్కకు దింపావు. పైగా అందులో సగాన్ని అరుగు మీదికి పంపేశావు. ఎందుకు?"

"అది నా పెళ్ళాం బాబూ!"

"రాసుకోండి" అన్నారు కమిషనరుగారు దక్షిణామూర్తితో. "స్వజన పక్షపాతం."

విధి నిర్వహణలో లక్ష్యభంగానికి పాల్పడినందుకు సన్యాసిరావును సస్పెండు చేశారు. జోగులు మోకు మాత్రమే పట్టాడని, మోకుకు లక్ష్యం ఉండదని వదిలేశారు.

సన్యాసిరావు బండి దగ్గర ప్లేట్లు కడగడంలో కుదురుకున్నాడు. ప్లేట్లు కడుగుతూ పైకే చూసేవాడు కాబట్టి చాలావాటికి చట్నీ అలాగే ఉండేది. చెట్టును పట్టించుకునే దిక్కు లేక, వేసవి ముగిసేసరికి ఆఫీసు వైపు మానులో కూడా ఒక లావుపాటి కొమ్మ ఎండి బీట తీసింది. దాని కింద పైడమ్మ గిరాకీ కోసం కొత్తగా వేసిన బెంచీ ఉంది. సన్యాసిరావు ఆఫీసుకు వెళ్ళి చెప్పాడు. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి చెట్ల విషయం మాట్లాడే అధికారం లేదని బంట్రోతు బయటికి పంపాడు. అప్పటినుంచి పైడమ్మ ఆ బెంచీ మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

ఒక పొద్దున్న కమిషనరుగారు స్వయంగా ఇడ్లీ తినడానికి వచ్చారు. ఇంట్లో ఆడవాళ్ళు ఊరెళ్ళారు. పైడమ్మ "అక్కడొద్దు బాబూ" అనేలోపే బెంచీ మీద చతికిలబడ్డారు.

"ఏం మేస్త్రీ, బుద్ధి వచ్చిందా?" అన్నారు, మొదటి ఇడ్లీ తుంచుతూ.

"ఒచ్చింది బాబూ. బేగి లెగండి, పైన..."

"నాకు పైన ఎవరున్నారో నాకు తెలుసులే. నువ్వు చెప్పక్కర్లేదు."

అంతలో దక్షిణామూర్తి ఆఫీసు మెట్లు దిగి సంబరంగా వచ్చాడు. "సార్, శుభవార్త! ఈ సంవత్సరానికి కొత్త ప్రమాదకర శాఖను గుర్తించాం. లక్ష్యాన్ని కూడా నిర్ధారించాం. ఈ బెంచీ, దాని మీద ఆసీనులైనవారు. గాలులు కూడా మొదలయ్యాయి. ఈసారి నూరుపాళ్ళూ సాధిస్తాం సార్!"

పైన ఎక్కడో కిర్రుమంది.

కమిషనరుగారు నోట్లో ఇడ్లీతో తల పైకెత్తారు. బీట తీసిన కొమ్మ చైర్మన్‌గారి ఫ్లెక్సీతో సహా ఆయన నెత్తి మీద ఊగుతోంది. ఇడ్లీ మింగుడు పడలేదు. ప్లేటు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసి లేవబోయారు.

పైడమ్మ గరిటె పట్టుకుని అడ్డంగా వచ్చి నిలబడింది.

"కూకోండి బాబూ" అంది. "లచ్చాన్ని మద్దిలో కదపకూడదంట గదా!"